నాచారంలో అద్దె ఇల్లు

బదిలీ మీద విశాఖ నుంచి వచ్చి, నాచారంలో రోజంతా అద్దె ఇళ్లు చూసి, నీరసంగా ఉప్పల్ వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. పక్కన ఫ్యాక్టరీ నుంచి వస్తున్న ఒకామె కూర్చుంది. మా ఊళ్లో ఇందులో సగం అద్దెకే గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు వస్తుందని ఆమెతో వాపోయాను.

"మేం పదేండ్లు సూరత్‌ల ఉన్నం అక్కా. ఆడ కిరాయి తక్వ, జీతం మస్తు. బిడ్డకు పాణం బాగలేకుంటే, నొప్పి యాడుందో దవాఖానాల చెప్పనీకి నాకు భాష రాలే. గందుకే ఇటొచ్చినం."

"పాప ఇప్పుడెలా ఉంది?"

"మంచిగుంది, బడికి పోతుంది. నీకేం ఫికర్ అక్కా, ఈడ మన మాటనే గదా!"

పొద్దున్నుంచీ నేను నోరు తెరిస్తే చాలు, "ఆంధ్రోళ్లా?" అని అడిగారు ఇళ్ల ఓనర్లు. మన మాట అన్నది ఈమె ఒక్కతే. ఉప్పల్‌లో దిగాక, చూసిన ఇళ్లలో చిన్నదాని ఓనరుకు ఫోన్ చేసి, వస్తున్నామని చెప్పాను.