నూట ఎనభై బారల తాడు

మా సైన్స్ మాస్టారు పోయారని మొన్న మంగళవారం పొద్దున మావ ఫోన్ చేశాడు. మావంటే మా అమ్మ తమ్ముడు. "ఒలే, మాస్టారు పోయారే. గజపతినగరంలోనే. గుండె ఆగిపోనాదంట," అన్నాడు. నేనెక్కాల్సిన బస్సు ఎదురుగానే ఉంది, ఎక్కలేదు. కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధీ కాలేదు. బస్టాండులో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉన్నాను. అది ఆయన నడకేనని కాసేపటికి గాని తట్టలేదు.

ఆయన కుర్చీలో కూర్చోగా మేమెవ్వరం చూడలేదు. సుద్దముక్క చేత్తో గది కొలుస్తున్నట్టు తిరుగుతూనే పాఠం చెప్పేవారు. మా శ్రీకాకుళం సముద్రపు ఒడ్డున హైస్కూల్లో అన్నేళ్ళు పనిచేసి, ఒక్కనాడూ సముద్రంలో మడమ తడపని మనిషి. "నూతిలో నీళ్ళు సూస్తేనే నాకు కళ్ళు తిరుగుతాయర్రా!" అనేవారు. మేం జాలరి పిల్లలం, పడీపడీ నవ్వేవాళ్ళం. బోర్డు మీద తప్పు రాస్తే తనే చెప్పి తుడిచేసేవారు. "తెలిసింది సెప్పీండి, తెలీంది దాసీకండి." అది ఆయన మాట.

అలాంటాయన, నేను తొమ్మిదిలో ఉండగా, ఎవరెవరికో ఉత్తరాలు రాసి సముద్రం అడుగునే మా బడికి రప్పించారు. పరిశోధన ఓడ ఒకటి బంగాళాఖాతంలో తిరుగుతోంది. దాని కెమెరా నీటి అడుక్కి దిగి చూసేదంతా అప్పటికప్పుడు మా బడి గోడ మీద బొమ్మగా పడుతుంది. మేం అడిగితే సైంటిస్టులు ఓడలోంచే జవాబు చెబుతారు. అప్పట్లో ఊళ్ళో సరైన ఫోన్లున్నది నలుగురికే. ఊరు ఊరంతా వచ్చి కిటికీల్లో వేలాడింది.

మాస్టారు మమ్మల్ని తలా ఒక ప్రశ్న రాసివ్వమన్నారు. నాది కొట్టేశారు. ఎందుకు దాచాలి, ఆ కోపం నాకు చాలా కాలం ఉండిపోయింది.

నేను రాసిందిది: మా నాన్న పడవ మునిగిన చోట సముద్రానికి అడుగుందా?

అంతకు రెండేళ్ళ ముందు గాలివానలో నాన్న పడవ బోల్తాపడింది. మావ ఒక్కడే బతికొచ్చాడు. మావాళ్ళు తాడుకి గుండు కట్టి నీళ్ళలోకి వదిలి, ఎన్ని బారలు దిగిందో చూసి లోతు చెబుతారు. చేతులు రెండూ చాపితే ఒక బార. "అక్కడ గుండు అందదు. అడుగే లేదు," అన్నాడు మావ. ఆ మాట అమ్మని పట్టుకుంది. అన్నం వారుస్తూ ఆగిపోయేది. "అడుగు లేపోతే, మీ నాన్న ఇంకా దిగతానే ఉన్నాడేటే?" అనేది.

"అడుగులేని సముద్రం ఉంటాదేటే! ఇదీ ఒక ప్రశ్నే?" అని మాస్టారు నాకు వేరేది రాసిచ్చారు, చేపలు చీకట్లో ఎలా చూస్తాయని. మైకు చేతికొచ్చేసరికి చేపలూ లేవు, ఏమీ లేవు. నాదే అడిగేశాను. ఓడలో ఒక తెలుగావిడ ఉంది. ఆవిడ నవ్వలేదు. "ఆ చోటెక్కడో చెప్పగలవామ్మా?" అంది.

"సిన్నకొండ పెద్దకొండ ఎనక్కి దాగిపోయాక, లైటుహౌసు కూడా కనబడడం మానేసిన కాడండి," అన్నాను. మావాళ్ళకి నీళ్ళ మీద దారి చెప్పేవి అవే. ఆవిడకి అర్థం కాలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు గబుక్కున మైకు లాక్కుని పక్కవాడికిచ్చేశారు. నా పరువు కాపాడాననుకున్నారు పాపం. నేను వారం రోజులు బడికి పోలేదు.

ఎనిమిదో రోజు ఆయనే మా వాకిట్లోకి వచ్చారు. పీట వేస్తే కూర్చోలేదు. "తప్పు నాదేనమ్మా. నాకు తెలీందాన్ని దాసీసేను," అన్నారు అమ్మతో. తర్వాత మావ వైపు తిరిగారు. "నన్ను ఆ సోటికి తీసుకెళ్తావేటి?"

"మీరా! పేగులు నోట్లోకొచ్చేస్తాయి మాస్టారూ!"

"రానీ."

వేకువన వెళ్ళినవాళ్ళు సాయంత్రానికి గాని రాలేదు. ఒడ్డున నేను తిరగని చోటు లేదు. ఇద్దరు పట్టుకుని ఆయన్ని పడవలోంచి దింపారు. చొక్కా నిండా వాంతి, మొహంలో నెత్తురు చుక్క లేదు. పాలిథీన్ కవర్లో చుట్టిన ఫోన్లో ఆ చోటు అక్షాంశ రేఖాంశాల అంకెలున్నాయి. ఫోను నీళ్ళలో పోతే ఎలాగని వాటినే బాల్‌పెన్నుతో మోచేతి మీద కూడా రాసుకున్నారు.

మరుసటి నెల ఓడ మళ్ళీ మా గోడ మీదికొచ్చింది. ఈసారి మైకు ఆయనే నా చేతిలో పెట్టారు. అంకెలు చదివాను. ఆవిడ మ్యాపు చూసి, "ఉందమ్మా, అడుగుంది. మూడు వందల మీటర్ల పైమాటే. మెత్తటి బురద. ఇప్పుడు మా కెమెరా ఉన్నది కూడా అలాంటి చోటే, చూడు," అంది. గోడ మీద బూడిదరంగు నేల. ఒక చిన్న పీత తాపీగా దాటుకుపోయింది. గుమ్మం దగ్గర అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది.

మీటర్లంటే అమ్మకి తెలీదు. మర్నాడు మాస్టారూ మావా వల తాళ్ళు ముడేసి, బారలు లెక్కపెట్టి ఇసకలో పరిచారు. నూట ఎనభై. పడవల దగ్గర మొదలై బడి గోడ దగ్గర ఆగింది. అమ్మ తాడు పక్కనే చివరిదాకా నడిచింది. ఆఖరి ముడి దగ్గర ఇసకని పాదంతో నొక్కి చూసింది. "ఇక్కడికొచ్చి ఆగిపోనాడన్నమాట," అంది. మళ్ళీ ఎప్పుడూ ఆ ప్రశ్న నన్ను అడగలేదు.

మాస్టారు గజపతినగరానికి బదిలీ అయ్యాక కూడా ఏ ఓడ బయల్దేరినా నాకు ఫోన్ చేసేవారు. "ఏటే, ఓడోళ్ళనింకేటైనా అడగాలా?" "లేదండీ," అని పెట్టేసేదాన్ని. థాంక్స్ అన్న ముక్క ఒక్కసారీ నా నోట రాలేదు. అదే ఇప్పుడు నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

గజపతినగరంలో చర్చి వెనక సమాధుల తోటకి అమ్మా నేనూ వెళ్ళాం. పాట అయింది, పాస్టరుగారి ప్రార్థన అయింది. తాళ్ళతో పెట్టె దించుతుంటే అమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్ళింది. "ఎంత లోతు తీసినారు బాబూ?" అని అడిగింది. తవ్వినాయన తెల్లబోయి, "మామూలేనమ్మా," అన్నాడు.

అమ్మ వినలేదు. పెట్టె అడుక్కి తగిలాక గొయ్యి అంచున వదులైన తాడు పట్టుకుని, లోపలికి దిగిన మేర పైకి లాగి, రెండు చేతులూ చాపి కొలిచింది. ఒక్క బార.

"దగ్గిరే ఉన్నారు మాస్టారు," అంది.

తాడు వదలమని ఎవరో అన్నారు. చాపిన చేతులు అమ్మ చాలాసేపు దించలేదు.