ఈశాన్యానికి తిప్పిన పైపు

ఏసీ పని అంటే చల్లగా కూర్చుని చేసే పని అనుకుంటారు జనం. అందులో సగం నీళ్ళ పని. గది చల్లబడేకొద్దీ గాలిలోని తేమ నీరై మిషన్ లోపలి ట్రేలోకి దిగుతుంది. ఉక్కపోత రోజుల్లో పూటకో బక్కెట్ నిండుతుంది. ఆ నీళ్ళను గోడ అవతలికి పంపడం రానివాడు మెకానిక్ కాదు, కిటికీలో పెట్టె ఎత్తిపెట్టే హమాలీ. ఈ మాట నాది కాదు, సూర్యాపేటలో నాకు పని నేర్పిన ఉస్తాదుది. "నీళ్ళు పల్లమెరుగు" అని అక్కడికే ఆపేవాడాయన. సామెతలో మిగతా సగంతో ఆయనకు పని లేదు.

తొంభైలు వచ్చేసరికి హైవే పక్కన నాకూ ఒక చిన్న షాపు ఉండేది. కోదాడలో డాక్టర్ల ఇళ్ళు, మిర్యాలగూడలో రైస్ మిల్లుల వాళ్ళ ఇళ్ళు నా గిరాకీ. కోదాడ వాళ్ళు "మీకెలా కుదిరితే అలా బిగించండి, మాకు చల్లగా ఉంటే చాలు" అని వాళ్ళ పనిలో వాళ్ళు పడేవాళ్ళు. మిర్యాలగూడలో అలా కుదిరేది కాదు. మిషన్ కంటే ముందు వాస్తు సిద్ధాంతి దిగేవాడు.

అక్కడ ఒక మిల్లు వెనకాలే ఉన్న ఇంట్లో, మిల్లు ఓనరు సేటు తల్లి నైరుతి గదిలో పడుకునేది. ఆమె ఎండకు తట్టుకోలేకపోతున్నదని దక్షిణపు కిటికీలో ఏసీ పెట్టించాడు కొడుకు. గోడ బయట మూరెడు పైపు, కింద బక్కెట్, అంతే అన్నాను. పెద్దమ్మ ఇంతెత్తున లేచింది.

"నైరుతిల నీళ్ళు పడితే ఇల్లు ఉంటదా? నీళ్ళు ఈశాన్యానికే పోవాలె."

"అంత దూరం వాటం దొరకది పెద్దమ్మా. పైపు పండుకున్నట్టు ఉంటది, నీళ్ళు గాడనే నిలవడుతయి."

"నువ్వైతే పైపు వెయ్యి. పోవుడు పోకపోవుడు అవి సూస్కుంటయి."

నాకు ఒళ్ళు మండింది. సిద్ధాంతి చేతికి పానా ఇచ్చి నేను పంచాంగం పట్టుకుంటే సరిపోయేది. అయినా వేశాను. దక్షిణపు గోడ వెంట కిందికి దించి, ఆగ్నేయం మూల తిప్పి, తూర్పు గోడ పొడవునా నేల మీద పరిచి, ఈశాన్యం మూల తులసికోట దాకా లాక్కుపోయాను. చివర బొట్టుబొట్టుగా పడుతున్న నీళ్ళను పెద్దమ్మ దోసిట్లో పట్టి కళ్ళకద్దుకుంది. చూస్తే నాకే నవ్వొచ్చింది.

కానీ అది మిల్లు పక్క ఇల్లు. తవుడు దుమ్ము తలుపులు మూసినా ఆగదు. ఏసీలోకి పీల్చిన దుమ్ము నీళ్ళలో కలిసి పైపులోకి దిగుతుంది. పైపు వాలు వాటంగా ఉంటే కొట్టుకుపోతుంది, లేకపోతే జావలా పేరుకుంటుంది. అది తెలిసే, ఆ ఇంటి కోడలితో చెప్పాను, నెలకోసారి వచ్చి పైపు ఊదిపోతానని. నిడమనూరు దిక్కు పిల్ల, పెళ్ళయి రెండేళ్ళో ఏమో.

"మర్చిపోవు గద అన్నా?" అంది.

"అయ్యో, ఎట్ల మర్చిపోత అమ్మా," అన్నాను.

మర్చిపోలేదు. గుర్తుండే పోలేదు. ఎండాకాలం మాకు పంటకాలం. ఒకరోజు కోదాడ, ఒకరోజు సూర్యాపేట. ఒక్క పైపు ఊదడానికి మిర్యాలగూడ బస్సెక్కడం నాకు బరువనిపించింది. నెల పోయింది, రెండో నెలా పోయింది.

తర్వాత సేటు షాపుకు ఫోన్ చేశాడు. అమ్మ కింద పడ్డది, తుంటి ఎముక విరిగింది, హైదరాబాద్ దవాఖానలో ఉంది, ఆమె వచ్చేలోపు ఏసీ సాఫ్ చేసి పొమ్మన్నాడు. వెళ్ళాను. సేటు గది వాకిట్లో నిలబడి సంగతి చెప్పాడు. మధ్యాహ్నం కునుకు తీసి లేచి కాలు కింద పెట్టిందట. నున్నటి బండల మీద నీళ్ళున్నాయట, జర్రున జారిందట.

"మంచం పక్కన చెంబు పెట్టుడు మా ఇంట్లామె అలవాటు. ఒలికిందో, ఒలకబోసిందో. మా అమ్మను మంచంల పడగొట్టింది," అన్నాడు.

కోడలు నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

పని మొదలుపెడదామని మంచం ముందుకు జరిపాను. ఏసీ కింద గోడకు సున్నం ఉబ్బి పెచ్చులు లేచి ఉంది. మిషన్ ముందు అంచు నుంచి నేల దాకా నీటి చార. బయటికి వెళ్ళి వంపు దగ్గర పైపు విప్పి నోటితో ఊదాను. కదల్లేదు. గట్టిగా ఊదితే తవుడు ముద్ద కుళ్ళు కంపుతో ఊడి పడింది. పోయే దారి లేక ట్రే నిండి నీళ్ళు గదిలోకే దిగాయి. చెంబూ లేదు, పాడూ లేదు.

లోపలికి వచ్చి మంచాన్ని మళ్ళీ గోడకు జరిపాను. అప్పుడడిగాడు సేటు.

"ఏమయ్యా, మిషన్ల నుంచి నీళ్ళు లోపటికి కారుతయా?"

"కారవు సేట్. నీళ్ళన్నీ ఈశాన్యానికే పోతయి," అన్నాను.

తేలు కుట్టిన దొంగ అరవడంటారు. నాకు కుట్టినట్టు కూడా లేదు. భయమో, సిగ్గో వేసి ఉంటే బాగుండేది. ఏమీ అనిపించలేదు. చేతుల పాటికి చేతులు పని చేసుకుపోయాయి. మల్లెపొద చాటున పైపు కోసి, గుంట తవ్వి కంకర నింపి, నీళ్ళు అక్కడే నైరుతిలోనే ఇంకేలా చేశాను. తులసికోట దాకా ఉన్న పొడవాటి పైపును అలాగే ఉంచాను, చూడ్డానికి. అది ఎండిపోయిన పైపని ఎవరూ కనిపెట్టలేదు.

పెద్దమ్మ మళ్ళీ నడవలేదు. తర్వాత మూడు ఎండాకాలాలు ఆ ఏసీ సర్వీసుకు నేనే వెళ్ళాను. ఆమె మంచంలోనే ఉండేది. కోడలు ఒళ్ళు తుడిచేది, బట్ట మార్చేది, పక్కకు తిప్పేది. అన్నీ చేయించుకునేది గానీ కోడలి చేతి మంచినీళ్ళు మాత్రం ముట్టేది కాదు. మిల్లులో తూర్పారబట్టే ఆడమనిషి వచ్చి తాగించాల్సిందే. వచ్చిన చుట్టాలకు కోడల్ని చూపించేది. "గీమెనే, నా కాళ్ళు తీసిన మహాతల్లి." సేటు తన భార్యతో నా ఎదుట మాట్లాడగా నేను చూడలేదు. ఏది కావాలన్నా గోడకు చెప్పినట్టు చెప్పేవాడు. నేను ఫిల్టర్ కడిగి, ఎండబెట్టి, బిగించి బస్సెక్కేవాణ్ణి. బస్సులో నిద్ర కూడా పట్టేది.

పెద్దమ్మ పోయింది. దశదినకర్మ అయ్యాక ఏసీని పై గదికి మార్చాలని కబురొచ్చింది. కిటికీలోంచి పెట్టె దించుతుంటే కోడలు చీపురు పట్టుకుని వచ్చింది. ఉబ్బిన సున్నం పెచ్చులు ఊడ్చడం మొదలుపెట్టింది. చచ్చిపోయినావిడ ఇక వినదు కదా అన్న ధైర్యమేమో, అప్పుడు నోరు తెరిచాను.

"అమ్మా, ఆనాటి నీళ్ళు చెంబువి కావు. మిషన్‌వి. పైపు జామ్ అయింది. నేను ఊదుత అని చెప్పి రాలేదు."

చీపురు ఆపలేదు ఆమె.

"తెలుసన్నా. ఆ నీళ్ళు తుడిసింది నేనే. బర్ఫు లెక్క సల్లగ ఉండె. నడి ఎండల చెంబు నీళ్ళు గట్ల ఉంటయా?"

"మరి సేటుకు చెప్పకపోతివా?"

"చెప్పిన. ఆ దినమే చెప్పిన. ఆయన నమ్మిండు గూడ. అత్తమ్మ ఎంత మొత్తుకున్నా, జర ఆగు, మెకానిక్ వచ్చినంక అడుగుత అన్నడు." ఊడ్చిన సున్నాన్ని చేటలోకి ఎత్తింది. "అడిగిండు గద నిన్ను."

సేటు ఊరికే అడిగాడనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆమె మాట నిలబడుతుందా పడిపోతుందా అన్నది నా చేతిలో పెట్టి అడిగాడని ఇప్పుడు తెలిసింది. ఇద్దరి మాటల్లో నా మాటే నిజమనుకుని, మూడేళ్ళు ఆమెను అబద్ధాలకోరును చేసి కూర్చున్నాడు.

"ఆయన ముందటి గదిలనే ఉన్నడు," అంది ఆమె. చేట ఒక చేత్తో పట్టుకుని, నేను వెళ్ళడానికి దారిచ్చి పక్కకు నిలబడింది.

పై గదిలో మిషన్ బిగించి, నీళ్ళు పడేది చూసి, సామాను సర్దుకుని కిందికి దిగాను. సేటు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గుండు మీద వెంట్రుకలు ఇంకా మొలవలేదు. ఆమె లోపలి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నన్నే చూస్తోంది.

"అయిపోయిందా?" అన్నాడు సేటు.

"అయిపోయింది సేట్," అన్నాను.