నాణెం వెనకవైపు

నాన్న పోర్టులో టాలీ గుమస్తా. ఓడలోంచి దిగే బస్తాలు లెక్క చూసుకోవడం ఆయన పని. ఆయన చొక్కా జేబులో పావలా కంటే చిన్నదైన పాత వెండి నాణెం ఒకటి ఎప్పుడూ ఉండేది. ఒకవైపు తలకు పట్టీ కట్టుకున్న ఉంగరాల జుట్టు యువకుడు, ముక్కూ, చుట్టూ అంచూ అరిగిపోయాయి. వెనకవైపు నిలబడ్డ మనిషి ఎవరో, చుట్టూ అక్షరాలు. జ్వరంతో పడివున్న గ్రీకు నావికుడికి గంజి పట్టుకెళ్ళి ఇస్తే అతను ఇచ్చాడని నాన్న చెప్పేవారు.

స్టీలు ప్లాంటు కోసం ఊళ్ళు ఖాళీ చేయిస్తున్న రోజుల్లో ఆయన పోయారు. సమాధి పూడ్చి వచ్చి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ మా మేనత్త భర్త అన్నాడు:

"గ్రీసోడేటి, గంజేటి! బావ కోతలు కోసీవోడు. ఏ సంతలోనో కొనుంటాడు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నాణెం ఎక్కడిదో తేల్చి అత్త భర్త నోరు మూయించాలనుకున్నాను.

మద్దిలపాలెంలో రిటైరైన చరిత్ర లెక్చరర్ ఒకరు ఉండేవారు. నేను చెప్పింది విని, గ్రీకు పద్ధతిలో మన దేశానికి వాయవ్యాన కూడా నాణేలు కొట్టారని అన్నారు. అక్కడ ఏలిన గ్రీకు రాజులు వెనకవైపు ఖరోష్ఠి అనే అక్కడి పాత లిపి వేయించేవారట. వెనకవైపూ గ్రీకే ఉంటే మటుకు సముద్రం అవతల నుంచి వచ్చినట్టే.

"వెనకవైపు చూడందే చెప్పలేను. పట్టుకు రండి," అన్నారు.

నాన్న సామానంతా అత్త సర్దుకుపోయింది. ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఆవేళ ఆమె మనవడి జ్ఞానస్నానం.

"వచ్చావేటి! సూడరా, అంతోనీ సామి ఎలా మెరిసిపోతన్నాడో!"

పసివాడి మెడలో మా నాన్న నాణెం. ఆ తల పట్టీని పునీతుల తల చుట్టూ ఉండే వెలుగనుకుని, ఆ యువకుడే పునీత అంతోనీ అనుకుందామె. చింతపండుతో తోమి, వెండి కొట్టులో ఇచ్చి కొక్కెం అతికించింది. తిప్పి చూశాను. వెనకవైపు అద్దంలా నున్నగా ఉంది. మధ్యలో సిలువ చెక్కి ఉంది.

"ఇక్కడి అక్షరాలేవత్తా?"

"ఏ అచ్చరాలు? గరుగ్గా ఉంటే పిల్లోడి గుండెకి గీసుకోదేటి? అరగదీయించీసాను."

పిల్లాడు దాన్ని నోట్లో పెట్టుకుని చప్పరించాడు. ఆ చొంగతో తడిసిన బిళ్ళనే వచ్చినవాళ్ళంతా వరసగా ముద్దు పెట్టుకున్నారు, బిరియానీ తిన్న మూతులతో.

"కోతలు కోసినా బావ ఎండి మాత్రం మంచిదే కొన్నాడ్రా," అన్నాడు అత్త భర్త, పళ్ళు కుట్టుకుంటూ.

ఒక్కరోజుకని అడిగి తీసుకెళ్ళాను. లెక్చరర్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"వెండే. పాతదే. ఎవరో రాజు. ఇంతకుమించి చెప్పడం అబద్ధమవుతుంది." కాగితం నా ముందుకు జరిపారు. "వెనకాల అక్షరాలు గుర్తున్నంత వరకు వేయండి."

ఆగకుండా వేశాను. ఆయన కళ్ళజోడు తీశారు.

"ఇవి పుస్తకంలో అక్షరాలు బాబూ. ఈమధ్య చదివారా?"

చదివాను. నాన్న పోయినప్పటి నుంచీ లైబ్రరీలో గ్రీకు లిపి చూస్తూనే ఉన్నాను. ఆయన ఇంకో పుస్తకంలో ఖరోష్ఠి పేజీ తీశారు. "పోనీ, ఇలా ఉండేవా?" వంకర గీతలు. అవీ చూసినవే అనిపించింది. ఏ అక్షరాన్ని చూపించినా అదే అనేలా ఉన్నాను. ఆయన జాలిగా పుస్తకం మూశారు. ఆ జాలి కూడా నాకు రుచించలేదు.

తిరిగిచ్చేటప్పుడు అత్త భర్త గుమ్మంలోనే ఉన్నాడు.

"ఏటన్నాడు మీ మేస్టారు? గ్రీసేనా?"

"తెలీదన్నారు."

అదే నవ్వు. బిళ్ళ అత్త చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని లోపలికెళ్ళి, నాకు మజ్జిగ తెచ్చింది. గ్లాసు తీసుకోలేదు. ఆ ఇంట్లో మళ్ళీ మంచినీళ్ళు కూడా తాగలేదు.