పై పోర్షన్‌లో రహ్మా

ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో బాలలక్ష్మి వాళ్ల ఇల్లు. కింద గదిలో ఆమె బ్లౌజులు కుడుతుంది. భర్త యోగేందర్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కు వ్యాన్ నడుపుతాడు. పై పోర్షన్‌లో ఎప్పుడూ ఎవరో ఒక పరదేశపు తల్లి ఉండేది. గుండె ఆపరేషన్ కోసం పేద దేశాల నుంచి పిల్లల్ని రప్పించే ఒక సంస్థకు రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి శ్రీరామమూర్తి ఇక్కడ సాయం చేసేవారు. ఆయన అడిగితే బాలలక్ష్మి మొదట కిరాయికిచ్చింది. రాను రాను కిరాయి మాటే పోయింది. ఆ పిల్లలతో దవాఖానకు పోవడం, వాళ్ల తల్లులకు వండిపెట్టడం ఆమె పనైపోయింది. వచ్చినవాళ్లంతా నెల తిరక్కుండానే నవ్వుతూ వెళ్లిపోయేవారు.

జుహూరా ఆఫ్రికాలోని జాంజిబార్ దీవి నుంచి ఆరేళ్ల కూతురు రహ్మాను తీసుకుని వచ్చింది. పాలు తాగే కొడుకును తల్లి దగ్గర వదిలి వచ్చింది. విమానాశ్రయం నుంచి వస్తూ కారులో బాలలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుంది.

"పరేషాన్ గాకు. బిడ్డను మంచిగ జేసి పంపుతం" అంది.

దవా, చాయ్, దునియా లాంటి మాటలు వాళ్ల భాషలోనూ ఇంచుమించు అవేనని తర్వాత తెలిసింది. ఆ నాలుగు మాటలతో, సైగలతో, ఫోనులో అనువాదంతో ఇద్దరూ నెట్టుకొచ్చారు.

పరీక్షలయ్యాక డాక్టరు శ్రీరామమూర్తినీ బాలలక్ష్మినీ లోపలికి పిలిచాడు. జుహూరా పిల్ల మంచం దగ్గరే ఉంది. గుండెలో రంధ్రం చాలాముందే మూయాల్సిందట. ఈలోగా ఊపిరితిత్తుల్లో రక్తం ఒత్తిడి పెరిగిపోయింది. ఇప్పుడు కోస్తే బల్ల మీదే ప్రాణం పోవచ్చు. కొన్ని నెలలు మందులిచ్చి చూడాలి. ఒత్తిడి తగ్గకపోతే ఆపరేషన్ ఉండదు. అప్పటిదాకా విమానం ఎక్కించడానికీ లేదు.

బయటికొచ్చి బాలలక్ష్మి గోడకు ఆనుకుంది. "గీ మాట ఆమెకెట్ల జెప్పాలె సార్?"

"మందులు వాడాక ఆపరేషన్ అని చెబుదామండీ. అబద్ధం కాదుగా. ఆ రెండో మాట ఇప్పుడే ఎందుకు? పిల్లని చూసుకోవాల్సిన మనిషి, కుంగిపోతుంది."

బాలలక్ష్మి సగమే చెప్పింది.

నాలుగు మెట్లెక్కితే చాలు, రహ్మా పెదవులు నీలబడేవి. యోగేందర్ ఎత్తుకుని పైకి చేర్చాక దవాఖానకు తప్ప ఆ పిల్ల కిందికి దిగలేదు. తల్లీ దిగలేదు. వరండా గ్రిల్ పట్టుకుని, వచ్చే పోయే మెట్రో రైళ్లను చూస్తూ నిలబడేది. ఫోనులో కొడుకు లేచి నిలబడ్డాడు, అడుగులు వేశాడు. ఒకరోజు అమ్మమ్మను పట్టుకుని "మామా" అన్నాడు. వాళ్ల భాషలో అమ్మ అని. జుహూరా ఫోను పక్కన పెట్టి, తోమిన గిన్నెలే మళ్లీ తోమింది.

బాలలక్ష్మి అన్నం తీసుకుని పైకి పోయినప్పుడల్లా ఆమె "లియో?" అని అడిగేది. ఇవాళేనా అని. బాలలక్ష్మి తల అడ్డంగా ఊపేది. కొన్నాళ్లకు ఆ మెట్లెక్కాలంటేనే బుగులు పట్టుకుంది. మిషను మీద పనుందని అన్నం యోగేందర్‌తో పంపసాగింది. నల్లగొండలో చెల్లెలి కూతురి పెళ్లికీ పోలేకపోయింది. పిల్లకు ఆయాసం వస్తే దవాఖానకు పరిగెత్తడానికి ఇంకెవరున్నారు?

"ఆమెకు ఇంటికి పోనీకి లేదు, నాకు ఇల్లిడిచి పోనీకి లేదు" అంది భర్తతో.

"గంత బాధైతే సారుకు జెప్పు, ఇంకో ఇల్లు జూస్తడు."

"ఎట్ల జెప్త? మంచిగ జేసి పంపుతనని నేనే అంటి."

చలికాలం మొదలయ్యాక ఒక పొద్దున జుహూరా సంచి సర్దుకుని కిందికి దిగింది. ఫోనులో రాసి చూపించింది. కొడుకును చూసి మళ్లీ వస్తుందట, అప్పటిదాకా రహ్మాను ఉంచుకోమని. తల్లి లేనప్పుడు పిల్లకేమైనా అయితే? బాలలక్ష్మి ఇక ఆగలేకపోయింది. ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి ఫోనులోకి మెల్లగా చెప్పింది.

"ఆపరేషన్ గాకపోవచ్చు బిడ్డా. నాకు ముందుగాల్నే ఎరుక. పిల్లనిడిచి పోకు."

జుహూరా తెర మీది అక్షరాలను రెండుసార్లు చదివింది. సంచి పట్టుకుని పైకి వెళ్లి తలుపు గొళ్లెం పెట్టుకుంది. బాలలక్ష్మి సాయంత్రం దాకా ఆ తలుపు ముందే కూర్చుంది. లోపల పిల్ల దగ్గుతూనే ఉంది. చివరికి తలుపు తెరుచుకుంది. జుహూరా ఖాళీ అయిన మందుసీసా చేతికిచ్చి "దవా" అంది. ఆ తర్వాత "లియో" అని ఎప్పుడూ అడగలేదు.

ఉగాది ముందు మళ్లీ పరీక్ష చేశారు. ఒత్తిడి కొంత తగ్గింది గానీ ఆపరేషన్‌కు చాలదన్నారు. మందులతో బతకొచ్చు, ఎన్నాళ్లో చెప్పలేమన్నారు. ఆక్సిజన్ పెట్టి, నర్సును తోడిచ్చి ఇంటికి పంపించారు. విమానాశ్రయంలో రహ్మా చక్రాల కుర్చీలోంచి యోగేందర్‌కు చెయ్యూపింది. జుహూరా బాలలక్ష్మి చేతిని కాసేపు పట్టుకుని వదిలేసి వెళ్లిపోయింది. తిరిగొస్తుంటే బాలలక్ష్మికి గుండె తేలికైనట్టనిపించింది. అట్లా అనిపించినందుకే ఏడుపొచ్చింది.

వేసవిలో ఇంకో పిల్లవాడు వస్తున్నాడని శ్రీరామమూర్తి ఫోన్ చేశారు. "ఇప్పుడు నాతోని గాదు సార్" అంది. పై పోర్షన్‌ను కోచింగ్‌కు వచ్చే ఆడపిల్లలకు కిరాయికిచ్చింది.

రహ్మా బతికే ఉంది. మందులు సంస్థే పంపుతోంది. శుక్రవారాలు వీడియో కాల్ వస్తుంది. తెర మీద ముందు రహ్మా ముఖం కనబడుతుందో, తల్లి ముఖం ఒక్కటే కనబడుతుందో తెలియదు. బాలలక్ష్మి మిషను ఆపి, ఫోనును కొంచెం సేపు మోగనిచ్చి ఎత్తుతుంది.