మూడు నిమిషాల నలభై ఎనిమిది సెకన్ల పని

పద్నాలుగు వేలతో మొదలుపెట్టానండి నా వ్యాపారం. అందులో పదకొండు వేలు పాత లాప్‌టాప్‌కి పోయాయి. కుర్చీలోంచి లేవకుండా సంపాదించాలన్నది ప్లాను. మొన్న సోమవారం ఆ ప్లాను ఏమైందో చెబుతాను వినండి.

రావులపాలెం అరటి మార్కెట్లో ముప్పై ఎనిమిది కొట్లకి నెట్ చూసే పని నెల రోజుల ట్రయల్ మీద దొరికింది. బాగా చేస్తే ఏడాది కాంట్రాక్టు. అక్కడ బిల్లులు కొట్టే కంప్యూటర్లూ, లారీ డ్రైవర్లు వీడియోలు చూసే ఫోన్లూ ఒకే లైను మీద ఉన్నాయి. వాటిని విడదీయాలంటే ప్రతి రౌటర్లోనూ సెట్టింగు మార్చాలి. కొట్టు కొట్టుకీ తిరగడం ఎందుకని స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, రాశాను. అదే వరసగా అన్నింట్లోకీ వెళ్లి మార్చేస్తుంది. కొట్టుకి ఆరు సెకన్లు. మొత్తం మూడు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు!

పొద్దున్న ఆరున్నరకి వ్యాపారుల సంఘం పెద్ద వీర్రాజు గారి కొట్లో లాప్‌టాప్ తెరిచాను.

"ముందు ఎవరిది బాబూ?" అన్నారాయన.

"మీదే బోణీ అండి."

పెద్దాయన్ని లిస్టులో చివర ఎలా పెడతాం? ఆయన మురిసిపోయి టీ తెప్పించారు.

ఎంటర్ కొట్టాను. ఒకటో నంబరు సక్సెస్. రెండోది ఫెయిల్. మూడోది ఫెయిల్. నాలుగోది కూడా.

అప్పుడు వెలిగింది. మార్కెట్ మొత్తానికి నెట్ వెళ్లేది వీర్రాజు గారి రౌటరు మీదుగానే. అది కొత్త పద్ధతికి మారిపోయింది, మిగతా ముప్పై ఏడూ పాత పద్ధతిలో ఉండిపోయాయి. ఇక వాటి మధ్య మాటల్లేవు. ఆయన రౌటరుని ఆఖర్న ముట్టుకోవాల్సింది.

ఇదే ఫీల్డులో ఉన్న మా బావకి ఫోన్ చేశాను.

"పాత సెట్టింగు కాపీ తీసిపెట్టావా?"

"నాలుగు నిమిషాల పనేగా బావా."

"అయితే వెనక్కి మార్చలేవు. కేబులు పట్టుకుని ప్రతి కొట్టుకీ నడువు."

అప్పటికి టైము ఏడు. పన్నెండింటికి లారీలు కదలాలి. బిల్లు రాకపోతే గెలలు కదలవు, నా కాంట్రాక్టూ గల్లంతే. కొట్టుకి ఎనిమిది నిమిషాల చొప్పున ముప్పై ఏడు కొట్లకి రెండువందల తొంభై ఆరు నిమిషాలు. ఇంకా నాలుగు మిగులుతాయి. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని పరుగందుకున్నాను.

"ఏంటయ్యా, కూర్చున్న చోటి నుంచే చేసేస్తానన్నావంట?" అన్నాడు పదో కొట్టాయన.

"ఆయ్, చేశానండి. అందుకే ఇలా వచ్చాను."

పదకొండు యాభై ఎనిమిదికి ఆఖరి కొట్లో బిల్లు బయటికొచ్చింది.

సాయంత్రం వీర్రాజు గారు కబురు పెట్టారు. అయిపోయింది అనుకుంటూ వెళ్లాను.

"ఇదివరకటి అబ్బాయి ఫోన్లో మాట్లాడ్డమే గానీ మనిషి కనపడేవాడు కాదు. నువ్వు ఒక్క కొట్టూ వదలకుండా వచ్చావని అందరూ ఒకటే మెచ్చుకోవడం. కాంట్రాక్టు నీకే బాబూ."

"చాలా సంతోషమండి."

"ఒకటే షరతు. నెలనెలా ఇలాగే ప్రతి కొట్టుకీ నువ్వే వచ్చి చూడాలి. కూర్చుని మీటలు నొక్కడాలు వద్దు."

సరేనన్నాను. ఏడాదికి నాలుగువందల యాభై ఆరు సార్లు అవుతుంది. చెప్పుల షాపు తొమ్మిదింటికి తెరుస్తారట, బయల్దేరుతున్నాను.