అక్కకు చెప్పని కబురు

ఈ మాట ఇంతకుముందు రాయలేకపోయాను. నాకు రాయడం వచ్చేది కాదు. ఎవరితోనైనా రాయిద్దామంటే ముందు వాళ్లకు చెప్పాలి, వాళ్లకు చెబితే ఊరంతటికీ చెప్పినట్టే. అందుకే ఇన్నేళ్లూ ఈ బరువును లోపలే మోశాను. తల నెరిశాక అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. బైబిలు చదువుకోవడానికని అందరికీ చెప్పాను. అది నిజమే. ఇదీ నిజమే. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మాది ఆలేరు వైపు. భర్త పోయాక, తెలంగాణ వచ్చిన కొత్తలో, సువార్త సేవకు వచ్చిన ఒక అక్కకు వంట చేసిపెట్టడానికి పాలమూరులోని ఈ పల్లెకు వచ్చాను. ఇక్కడికి బస్సు కూడా రాదు. అక్కది గోదావరి జిల్లా. నాకన్నా చిన్నదే, అయినా అందరితో పాటు నేనూ అక్క అనే పిలిచేదాన్ని.

ఇక్కడ ఎక్కువమంది గొర్రెలు కాసుకునేవాళ్లు. వాళ్ల దేవుళ్లు వాళ్లకున్నారు. అయినా ఆదివారం వచ్చి పాటలు విని, పుండుకు కట్టు కట్టించుకుని, పిల్లల జ్వరానికి మందు అడిగి వెళ్లేవారు. వాళ్లలో మల్లమ్మ అనే ఆమె మాత్రం రోజూ వచ్చేది. "నీ దేవుడు మంచోడే గని అక్కా, నీ చాయ్‌ల చక్కెరేది?" అనేది. అక్క నవ్వేది. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ, నాకింకేం అక్కర్లేదు అనేది. అది వింటే నాకు ఒళ్లు మండేది. నీళ్లకు అంత దూరం నడిచేది నేను. పొయ్యి దగ్గర తేళ్లను చంపేది నేను. ఆమెకు దొరికిన నిమ్మళం నాకెందుకు దొరకలేదు? నేనూ ఆ దేవుణ్ణే నమ్మాను కదా?

మొదటి ఎండాకాలంలో, తల్లికి జబ్బు చేసిందని అక్క తన ఊరికి వెళ్లింది. ఆమె లేని రోజుల్లోనే గొర్రెలవాళ్లు ఇళ్లకు తాళాలు వేసి, మందలు తోలుకుని కృష్ణ ఒడ్డుకు వెళ్లిపోయారు. ఇక్కడ గడ్డి ఎండిపోయాక ఏటా వెళ్తారట. పోయేముందు మల్లమ్మ కబురు చెప్పింది. వానలు పడగానే వస్తామని అక్కకు చెప్పమంది. అప్పటిదాకా ఆమెను బాగా చూసుకోమంది.

అక్క తిరిగి వచ్చి, ఆ తాళాల ముందు నిలబడిపోయింది.

"వీళ్లంతా ఏమైపోయారు?"

"మనవల్లనే పోయిండ్రక్కా."

"మనవల్లా? మనమేం చేశాం?"

"మన తాన కూసుంటున్నరని కులపోళ్లు కిరికిరి పెట్టిండ్రు. మనం ఈడ ఉన్నన్ని దినాలు రారంట."

"మల్లమ్మ కూడానా?"

"ఆమెనే అందరికన్న ముందుగాల పోయింది."

ఆ చివరి మాట ఒక్కటే నిజం.

ముందే అనుకుని చెప్పానా? లేదు. నోట్లోంచి వచ్చేసింది. కానీ వెనక్కి తీసుకోవడానికి ఆ సాయంత్రం ఉంది, మర్నాడు ఉంది, ఆమె అన్నం తినకుండా కూర్చున్న ప్రతి పూటా ఉంది. నేను తీసుకోలేదు. ఆమె వెళ్లిపోతే నన్నూ పట్నంలో ఏదో హాస్టల్లో వంటకు తీసుకెళ్తుందని ఆశ. ఊళ్లో మిగిలినవాళ్లను అడిగి చూస్తానంటే, అడిగితే గొడవ పెద్దదవుతుందన్నాను. తన వల్ల జనం ఇళ్లు వదిలారన్నది ఆమె తట్టుకోలేకపోయింది. వారం తిరక్కుండా పెట్టె సర్దుకుంది. అక్కను పంపిన సంఘం పెద్దలు నన్ను మాత్రం ప్రార్థన ఇల్లు చూసుకుంటూ ఇక్కడే ఉండమన్నారు.

వానలు పడ్డాయి. వాళ్లు వచ్చారు. మల్లమ్మ అక్క కోసం గొంగడి నేయించి తెచ్చింది. అక్కకు ఇక్కడ నచ్చలేదని, వెళ్లిపోయిందని చెప్పాను. ఆమె ఆ గొంగడిని ఒళ్లో పెట్టుకుని, మడత విప్పి మళ్లీ మడిచింది. తర్వాత దాన్ని నాకే ఇచ్చి వెళ్లింది.

నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఇంకొకటుంది. కొన్నేళ్లకు నాకు ఈ చోటు నచ్చింది. ఎప్పుడు నచ్చిందో తెలియదు. ఇప్పుడు కట్లు నేనే కడుతున్నాను, పాటలు నేనే ఎత్తుకుంటున్నాను, అరుగు మీద కూర్చుని ఇంకేం అక్కర్లేదు అనుకుంటున్నాను. అనుకున్న వెంటనే లేచి, ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తాను. ఒకరి దగ్గర గుంజుకున్న నిమ్మళాన్ని దేవుడిచ్చాడని ఎట్లా చెప్పను? ఆయన ఇవ్వకపోతే ఇది నాకు ఎక్కడి నుంచి వచ్చింది?

అక్క ఇప్పుడు ఏదో పట్నంలో ఆఫీసు పని చేసుకుంటోంది. సేవలోకి మళ్లీ వెళ్లలేదు. క్రిస్మస్‌కు ఫోన్ చేస్తుంది. వాళ్లు తిరిగొచ్చారని మొదటిసారే చెప్పాను. "అయితే నేను వచ్చేయడమే మంచిదైంది కదా" అంది. అవునన్నాను. ఏటా అదే అడుగుతుంది, ఏటా అవునంటాను. నా నోటికి అది అలవాటైపోయింది. చేతికి ఇంకా కాలేదు. అందుకే రాశాను.

ఇక్కడిదాకా నిన్న రాశాను. ఈ పొద్దున కాగితాలు పట్టుకుని, సిగ్నల్ బాగా అందే గుట్ట ఎక్కి అక్కకు ఫోన్ చేశాను. "బాగున్నావా?" అంది. జవాబు చెబితే నోరు మళ్లీ తప్పించుకుంటుందని, మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. వేలు పెట్టుకుని, ఒత్తుల దగ్గర ఆగుతూ. మల్లమ్మ కబురు దగ్గరికి వచ్చేసరికి అటువైపు ఊపిరి కూడా వినిపించలేదు. లైను ఉందో లేదో చూసుకోలేదు. చివరిదాకా చదివాను.