ఫుకువోకాలో నా చొక్కా

ఇప్పుడు ఎవరైనా జపాన్ వెళ్తున్నామంటే "ఓహో, మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని అడిగి ఊరుకుంటున్నాం. మా రోజుల్లో గూడూరు నుంచి మద్రాసు వెళ్ళేవాణ్ణి సాగనంపడానికే స్టేషనుకు పదిమంది వచ్చేవాళ్ళు. అసలు ప్రయాణంలో టిక్కెట్టు కొనడం ఆఖరి పని. అంతకుముందు తిథి, వారం, నక్షత్రం, రాహుకాలం, వారశూల, గుమ్మం దాటగానే ఎదురొచ్చే మనిషి, ఇన్ని గండాలు గడవాలి. అటువంటి కాలంలో, ఇరవై రెండేళ్ళ వయసులో, నెల్లూరు దాటి ఉత్తరంగా ఒక్క స్టేషను కూడా చూడని నేను, జపాన్ దేశంలో పదహారు రోజుల ప్రయాణానికి హోటళ్ళతో, రైళ్ళతో సహా ప్లాను వేశాను. ఎంత పకడ్బందీగా వేశానంటే, దాని పుణ్యమా అని ఒక పెద్దమనిషి పరాయి దేశంలో ఒంటిమీద సొంత గుడ్డ లేకుండా నిలబడవలసి వచ్చింది. ఆ పెద్దమనిషి మా మామయ్య.

మా పెద్దత్తను చేసుకున్న ఈ మామయ్యకు గూడూరులో మైకా కంపెనీ ఉండేది. గనుల్లోంచి వచ్చిన అభ్రకపు పలకలను షెడ్డులో కూర్చుని ఆడవాళ్ళు చాకులతో రేకులు రేకులుగా చీలిస్తే, వాటిని చెక్కపెట్టెల్లో సర్ది ఓడ ఎక్కించేవాళ్ళు. నేను అక్కడ టైపిస్టును. ఆ సరుకు ఎక్కువగా కొనేది ఒసాకాలో ఒక కంపెనీ. కానీ మామయ్యకూ వాళ్ళకూ మధ్య బొంబాయి దళారీ ఒకడు అడ్డంగా కూర్చుని ఉండేవాడు. వాడికి తెలియకుండా నేరుగా వెళ్ళి, కొనేవాళ్ళ ముఖం చూసి మాట్లాడాలని మామయ్య పట్టుదల. మద్రాసులో ప్రయాణాల ఏజెంటుకు చెబితే బొంబాయికి తెలిసిపోతుందని భయం. అందుకని ఒకరోజు నన్ను పిలిచినాడు.

"ఏందిరా అబ్బయా, ఇంగ్లీషు టైపు కొడతావు గదా. జపాన్‌లో ఏ ఊరికి ఎప్పుడు పోవాల, యాడ దిగాల, యాడ పండుకోవాల, అంతా నువ్వే రాయి. ఇద్దరికి పర్మిషన్ వచ్చుండాది. ప్లాను సక్రమంగా ఉంటే రెండోవాడివి నువ్వే."

రెండోవాణ్ణి నేనే! ఆ మాట విన్నాక నాకు మూడు రోజులు అన్నం సహించలేదు. (నాలుగో రోజు నుంచి మామూలుగానే తిన్నాను.) ఒసాకా కంపెనీవాళ్ళు పంపిన ఇంగ్లీషు రైల్వే టైంటేబులూ, మా తమ్ముడి స్కూలు అట్లాసూ ముందు వేసుకుని కూర్చున్నాను. టోక్యోలో దిగి, నగోయాలో ఒక ఫ్యాక్టరీ చూసి, ఒసాకాలో అసలు బేరం మాట్లాడి, చివర ఫుకువోకాలో ఇంకొకరిని కలిసి వెనక్కి రావాలి. వారం తిరిగేసరికి నాకు గూడూరు బజారు కంటే ఒసాకా స్టేషనే బాగా తెలిసిపోయింది. కాఫీ హోటల్లో కూర్చుని, "నగోయాలో బండి రెండు నిమిషాలే ఆగుతుందండీ, జాగ్రత్తగా ఉండాలి" అని, జన్మలో విమానం ఎక్కని మనుషులకు సలహాలిచ్చేవాణ్ణి. వాళ్ళు కూడా పాపం బుద్ధిగా తలలూపేవాళ్ళు. నేను అప్పటికే జపాన్ చూసి వచ్చినవాడి మాదిరిగా నడిచేవాణ్ణని మా పెద్దత్త ఇప్పటికీ... అదే, ఉన్నన్నాళ్ళూ అంటూ ఉండేది.

ప్లాను టైపు చేసి మామయ్యకిస్తే, ఆయన చూడనైనా చూడకుండా, "అవ్వకు చూపించు" అన్నాడు. అవ్వ అంటే ఆయన తల్లి. ఇంగ్లీషు రాదు గానీ పంచాంగం ఆమెకు కరతలామలకం. షెడ్డులో కొత్త చాకు వాడాలన్నా అవ్వ సరేననాలి. ఆమె వసారాలో నా అట్లాసును నేలమీద పరిపించి, ఉత్తరం ఉత్తరానికే ఉండేట్టు తిప్పించి, నాలుగు ఊళ్ళమీదా నాలుగు చింతగింజలు పెట్టించింది.

"ఇప్పుడు చెప్పు. ఈ గింజ నుంచి ఆ గింజకు ఎప్పుడు పోతారు?"

"ఆదివారం అవ్వా."

"ఎటు దిక్కు?"

"పడమర."

"ఆదివారం పడమరకు శూల. నా బిడ్డను శూలకు ఎదురు పంపిస్తావా? తియ్యి."

శుక్ర, ఆదివారాలు పడమరకు పనికిరావు. సోమ, శనివారాలు తూర్పుకు పనికిరావు. నా ప్లానులో ముందుకు పోవడమంతా పడమరకు, వెనక్కి రావడమంతా తూర్పుకు. ఇక రాహుకాలాలు, దుర్ముహూర్తాలు. మూడు వారాలపాటు జపాన్ రైళ్ళన్నిటినీ మా గూడూరు పంచాంగానికి సరిపెట్టాను. ఆ రైళ్ళు నిమిషం తేడా లేకుండా నడుస్తాయట గానీ, రాహువు సంగతి ఆ టైంటేబులు వేసినవాళ్ళకు తట్టలేదు.

అంతటితో అయిందా? పడుకునేటప్పుడు తల ఉత్తరానికి పెట్టకూడదు. "ఆ హోటల్లో మంచం ఎట్టేసుంటారో రాసి కనుక్కో" అంది అవ్వ. పెద్ద హోటళ్ళకు మంచాల తలవైపు ఏ దిక్కని ఉత్తరాలు రాస్తే ఎవరు జవాబిస్తారని నా బాధ. అయినా సిగ్గు విడిచి రాశాను. ఒసాకాలో పాతకాలపు బస ఒకటి ఉంది, చాపల మీద పరుపులు పరిచే రకం. అక్కడినుంచి పది రోజుల్లో జవాబు వచ్చింది. ఉత్తరానికి తల పెట్టి పడుకోబెట్టేది చనిపోయినవాళ్ళనేననీ, తమ బసలో ముత్తాతల నాటి నుంచీ ఏ అతిథికీ అలా పరుపు వేసిన పాపాన పోలేదనీ, ఈ విషయం ముందుగా అడిగినందుకు ఎంతో గౌరవంగా భావిస్తున్నామనీ ఆ మేనేజరు రాశాడు. నేను తెలుగులో చదివి చెబుతుంటే అవ్వ కళ్ళు మెరిసినాయి.

"వీళ్ళు మనోళ్ళేరా! ఊరికే అంత దూరాన పోయి పుట్టినారు. అబ్బయా, మీ మామ ఆడ్నే దిగాల."

ఒక్క ముడి మాత్రం విడలేదు. ఒసాకా కంపెనీ పెద్ద మాకిచ్చిన రోజు గురువారం, అదీ రాత్రి దాకా. ఫుకువోకాలో శనివారం పొద్దున్నే ఉండాలి. అంటే ఒసాకా వదలవలసింది శుక్రవారం, పోవలసింది పడమర. ఎటు తిప్పినా శూలే. నా రెండో టిక్కెట్టు ఆ శూలకు గుచ్చుకుని వేలాడుతోంది. అవ్వ ఒక పూట ఆలోచించి, "పరస్థానం పెడదాం" అంది. తెలియనివారికి చెబుతాను. మంచి ఘడియ ఉన్నప్పుడు మన గుడ్డో, చిన్న మూటో ముందుగా ప్రయాణపు దిక్కులో వేరే ఇంటికి పంపిస్తే, మనం అప్పుడే బయలుదేరినట్టు లెక్క. మనిషి తర్వాత తీరిగ్గా వెళ్ళవచ్చు, దోషం అంటదు. "గురువారం పొద్దున రాహుకాలం రాకముందే వాడి తుండుగుడ్డ ఒకటి ఆ ఊరికి పంపిస్తే చాలు" అంది.

అవ్వ తుండుగుడ్డ అంది. నేను విన్నాను కూడా. కానీ టైపు మిషను ముందు కూర్చున్నాక నాలో మేధావి నిద్రలేచాడు. ఒక్క గుడ్డకే అంత ఫలముంటే మొత్తం సామానుకు ఎంత ఉంటుంది! అందుకని ఒసాకా బస మేనేజరుకు ఇలా రాశాను: గురువారం ఉదయం ఏడూ నలభై బండికి మా యజమానికి చెందిన వస్తువులన్నిటినీ, ఒక్కటి కూడా గదిలో మిగలకుండా, ఫుకువోకా హోటలుకు పంపవలెను. ఇది మా కుటుంబ ఆచారము, తప్పితే అరిష్టము. మామయ్య ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టినాడు. ఆయన జేబులో పెట్టుకున్న తెలుగు ప్లానులో మాత్రం "గురువారం, పరస్థానం" అని రెండే మాటలు రాశాను.

ప్రయాణం బుధవారానికి ఖాయమైంది. హస్తా నక్షత్రం. పుష్యమిలో పుట్టిన మామయ్యకు సాధన తార, దివ్యంగా ఉంది. నేను కొత్త చొక్కా కుట్టించుకున్నాను, లేత నీలం రంగుది, జేబుమీద మూత ఉన్నది. నాలుగు రోజుల ముందు అవ్వ ఆఖరిసారి పంచాంగం మూయబోతూ అడిగింది.

"నీది ఏం నక్షత్రం రా?"

"పునర్వసు."

అవ్వ వేళ్ళమీద లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. కళ్ళజోడు తీసింది.

"నీకు నైధన తార అయితాదే, నాయనా."

అంటే సాక్షాత్తూ చావు తార. నెలన్నరపాటు మామయ్య నక్షత్రానికి గ్రహాలనూ రైళ్ళనూ కూర్చినవాణ్ణి, నా నక్షత్రం ఒకటుందని నాకే గుర్తులేదు. నాకు కూడా పరస్థానం పెట్టమని బతిమాలాను. నైధనానికి పరస్థానం పనిచేయదంది. తేదీ మారిస్తే ఒసాకా గురువారం పోతుంది. నేను వసారా మెట్లమీద కూర్చుని సిగ్గులేకుండా ఏడ్చాను. కాసేపటికి అవ్వ లోపలికి వెళ్ళి, మామయ్య పెట్టె పక్కన సర్దిపెట్టిన నా సంచిలోంచి నీలం చొక్కా తీసి, తన చేత్తో మడతపెట్టి మామయ్య పెట్టెలో అడుగున పెట్టింది. "ఇదిగో, నీ చొక్కా పోతావుండాది. ఎప్పుడో ఒకప్పుడు నువ్వూ పోతావు" అంది. నైధనానికి పరస్థానం పనిచేయదని అంతకుముందే చెప్పిన మనిషి. ఆ మాట నేనూ గుర్తుచేయలేదు.

మామయ్య వెళ్ళాడు. ఆ పైవారం గురువారం సాయంత్రం ఆఫీసుకు టెలిగ్రాం వచ్చింది. "సామాను ఫుకువోకా. నేను ఒసాకా. నమూనాలు లేవు. బట్టలు లేవు. వచ్చి మాట్లాడతా." దాన్ని నాలుగుసార్లు చదివాను. మామయ్య ఖర్చుకు వెనకాడే మనిషి కాకపోయినా తిట్లు లేకుండా టెలిగ్రాం ఇచ్చాడంటే, వాటిని దాచిపెట్టి స్వయంగా తెస్తున్నాడని అర్థమైంది. పరుగున వెళ్ళి అవ్వకు చెబితే ఆమె తాపీగా, "ఆ సామాను ఎన్నింటికి పోయింది?" అనడిగింది.

"ఏడూ నలభైకి."

"రాహుకాలం రాలేదు గదా. ఇంకేంరా నీకు?"

ఉద్యోగం ఎలాగూ ఊడుతుందని, ముత్తుకూరులో మా అక్క ఇంటికి పారిపోవడానికి సంచి సర్దుకున్నాను. కానీ పారిపోవడానికి కూడా మంచిరోజు చూసుకోవాలనిపించి (అలవాటు అలాంటిది) రేపు రేపంటూ ఉండిపోయాను. ఇంతలో మామయ్య రానే వచ్చాడు. స్టేషనులో దండలు వేస్తున్న జనం వెనక దాక్కుని ఉన్న నన్ను చెవి పట్టి ముందుకు లాగి, అందరిముందూ చెప్పినాడు.

"పొద్దున్నే నీళ్ళు పోసుకుందామని పోయినా. వచ్చి చూస్తే గది ఊడ్చినట్టుండాది. పెట్టెలు లేవు, నమూనాలు లేవు, చిలక్కొయ్యకు తగిలించిన పంచె కూడా లేదు. మేనేజరు ఇంత లోతుగా వంగి దణ్ణం పెట్టి, 'మీ ఆచారం ప్రకారం అన్నీ పంపేసినాం' అన్నాడు. పాస్‌పోర్టూ దుడ్లూ వాళ్ళ బీరువాలో ఉండబట్టి బతికినాయి, లేకుంటే అవీ పోయుండు. కొనుక్కుందామంటే నా ఒంటికి పట్టే గుడ్డ ఆ దేశంలో లేదు. తొమ్మిదికల్లా కంపెనీ కారు వచ్చేసింది. ఏం జేసేది? బసవాళ్ళిచ్చిన నూలు అంగీ, నీలం గీతలది, మోకాళ్ళు దాటదు, అదేసుకుని పోయినా!"

నమూనాలు లేకుండా మైకా బేరానికి వెళ్ళడమంటే మాటలు కాదు. బల్లకు అవతల పదిమంది కోటులవాళ్ళు కూర్చుని ఉన్నారట. మామయ్య అంగీ సర్దుకున్నాడట. అప్పుడు చెయ్యి మొలకు తగిలింది. మొదటి గనిలో తొలిసారి దొరికిన పచ్చ మైకా పలకను అవ్వ ఏటా పూజలో పెట్టేది. దాన్ని పసుపు గుడ్డలో చుట్టి, కొడుకు మొలతాడుకు కట్టి పంపింది. నీళ్ళు పోసుకునేటప్పుడు కూడా విప్పవద్దని ఒట్టు పెట్టించుకుంది. మామయ్య ఆ మూట విప్పి, బల్లమీది పండ్లు కోసే చాకు తీసుకుని, పలక చీల్చడం మొదలుపెట్టాడు. పదేళ్ళ వయసులో షెడ్డులో నేర్చిన పని. ఊదితే లేచిపోయేంత పలుచని రేకులు ఒకదాని తర్వాత ఒకటి ఆ బల్ల నిండా పరిచాడు. ఒక్కటీ చిట్లలేదు. బొంబాయి దళారీ పన్నెండేళ్ళుగా పెట్టెలు చూపించాడు గానీ, చెయ్యి చూపించలేదు. కంపెనీ పెద్ద లేచి వచ్చి, రేకును వెలుతురుకు పట్టి చూసి, మామయ్య రెండు చేతులూ పట్టుకున్నాడట. ఇకనుంచి సరుకు నేరుగా మీ దగ్గరే అన్నాడట.

"నమూనాలుంటే, నేను కోటేసుకుని కూర్చుని వాళ్ళిచ్చిన టీ తాగి వచ్చుందును" అన్నాడు మామయ్య, నా చెవి వదలకుండానే. తర్వాత వదిలాడు. సంచిలోంచి ఆ నీలం గీతల అంగీ తీసి నా భుజాన వేశాడు. మేనేజరు కానుకగా ఇచ్చాడట. నా ఉద్యోగం ఊడలేదు. పైగా జపాన్ గురించి ఎవరు ఏమడిగినా మామయ్య "వాణ్ణి అడగండి, నాకేం తెల్దు" అని నామీదికి తోసేవాడు. నేను చెప్పేవాణ్ణి. నగోయాలో బండి రెండు నిమిషాలే ఆగుతుందని.

నెల తర్వాత ఫుకువోకా హోటలు నుంచి ఉత్తరం వచ్చింది. గది బీరువాలో లేత నీలం చొక్కా ఒకటి ఉండిపోయిందనీ, ఉతికి ఇస్త్రీ చేసి భద్రపరిచామనీ, పోస్టులో పంపమంటే పంపుతామనీ, లేదా దాని యజమాని వచ్చేవరకు జాగ్రత్తగా ఉంచుతామనీ రాశారు. మామయ్య "తెప్పించుకో, కొత్త చొక్కా గదా" అన్నాడు. సరేనని కాగితం మిషనుకు ఎక్కించాను. తేదీ కొట్టి, కాగితం తీసేశాను.

పరస్థానానికి గడువు ఉంటుందనీ, అది దాటితే ఫలం పోతుందనీ తర్వాత ఒక పురోహితుడు చెప్పాడు. అవ్వ మాత్రం నాకు గడువేమీ చెప్పలేదు. ఇప్పుడు నాకు మోకాళ్ళ నొప్పులు, తిరుపతి మెట్లే ఎక్కలేను. ఆ హోటలు ఉందో లేదో తెలియదు. అయినా అవ్వ లెక్క ప్రకారం నేను ఆ బుధవారమే ఇల్లు వదిలి జపాన్‌కు బయలుదేరాను, చొక్కా ముందు వెళ్ళింది, మనిషి రావలసి ఉంది. అందుకే ఆ ఉత్తరానికి నేటికీ జవాబు రాయలేదు.